విప్పి అల్లిన కుర్చీ

బందరు,
జూన్ 11, 2024.

ప్రియమైన ఏసుపాదానికి,

నీ ఉత్తరం నిన్న చేరింది. పోస్టుమాన్ ఎప్పట్లాగే "మీ చుక్కల ఉత్తరమండీ, స్టాంపు లేని మారాజులు" అని వేళాకోళం చేసి చేతికిచ్చాడు. కళ్ళు లేనందుకు మనిద్దరికీ సర్కారువారు ఇచ్చిన సౌకర్యం అదొక్కటేగా, వాడుకోనీ. ఈసారి ఏ పాత క్యాలెండరు కాగితం మీద పొడిచావో గానీ, మా కోడలు నవ్యశ్రీ చూసి "అయ్యో మావయ్యగారూ, బొమ్మలో పాపాయి మొహమంతా ఆటలమ్మ పోసినట్టుంది" అంది. అక్షరాలు మాత్రం బాగా తేలాయి. వేలు పెట్టగానే నీ గొంతు వినిపించింది.

ఫోను చెయ్యొచ్చుగా అని అడిగావు. మా అబ్బాయి గిరిధర్ నాకు మాట్లాడే ఫోను కొనిచ్చాడు. అది బందరంతా వినేట్టు చదువుతుంది. చెవిలో పెట్టుకు వినమంటారు, చెవులు మూసేస్తే ఇక నాకు మిగిలేదేమిటి? పైగా ఇంట్లో మాట్లాడితే ఇంట్లోవాళ్ళు, ఆఫీసులో మాట్లాడితే ఆఫీసువాళ్ళు వింటారు. ఈ బ్రెయిలీ చుక్కలే నయం. నువ్వూ నేనూ తప్ప మనవాళ్ళలో ఒక్కరికీ రావు.

ఇన్నాళ్ళూ దాచిన సంగతి ఒకటి చెబుతాను, నవ్వకు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కింద నేను ఈ సర్కారు ఆఫీసులో కుర్చీలు అల్లే ఉద్యోగంలో చేరినప్పుడు, కుంగిన కుర్చీలు వరండా పొడుగునా వరసకట్టి ఉండేవి. మొదట్లో పేము, తర్వాత ప్లాస్టిక్ వైరు, ఆఖరికి నైలాను తాడు. ఊపిరి తిరిగేది కాదు. ఇప్పుడన్నీ స్పాంజి పెట్టిన తిరుగుడు కుర్చీలే. నాకు మిగిలింది ఒక్కటి. రికార్డు రూం ముందు నా స్టూలు పక్కనే ఉంటుంది. పదింటికి దాని తాడంతా విప్పుతాను. అయిదయ్యేలోగా మళ్ళీ అల్లేస్తాను. మర్నాడు మళ్ళీ విప్పుతాను. నాలుగేళ్ళుగా ఇదే పని. అరవై రెండు నిండేదాకా ఇంకా మూడేళ్ళు ఇలా కూర్చోవాలి. ఎద్దు కూడా గానుగ తిరిగితే నూనె వస్తుంది కదరా, నాకేం వస్తోంది?

అందుకే నువ్వు రమ్మంటే ఆలోచించలేదు. మీ కుర్చీల పాకలో పనికి నాగాయలంక వస్తాను. వాలంటరీ రిటైర్మెంటుకి అర్జీ పెట్టేశాను. మూడు నెలల ముందు ఇవ్వాలట, అంటే సెప్టెంబరుకి నన్ను వదిలేస్తారు. గిరిధర్ చేతే రాయించాను. నేను దిగిపోతే ఆఫీసువాళ్ళిచ్చిన ఈ క్వార్టరు ఖాళీ చెయ్యాలని కొంచెం నసిగాడు గానీ చివరికి రాశాడు. నా వేలు పట్టుకుని సంతకం చోట పెట్టాడు, నేను గీసేశాను. చెల్లెమ్మ దయామణికి చెప్పు, తాడు బిగించే చెయ్యి ఇంకొకటి వస్తోందని.

నీ
కొండలరావు


నాగాయలంక,
జూన్ 24.

ఒరేయ్ కొండా,

ప్రభువుకి స్తోత్రం! నాలుగేళ్ళు ఒకే కుర్చీ విప్పి అల్లావా? హాస్టల్లో కూడా నువ్వింతే, అన్నం తిన్న కంచాన్ని మూడుసార్లు కడిగేవాడివి. నవ్వొద్దన్నావు గానీ మా ఆవిడకి చదివి వినిపిస్తుంటే ఇద్దరం ముందు నవ్వాం. తర్వాత దయామణి కళ్ళు తుడుచుకుంది.

ఇక్కడ సంగతి విను. రొయ్యల చెరువుల మీద కాపలావాళ్ళు పగలూ రాత్రీ కుర్చీలోనే కాపరం. ప్లాస్టిక్ కుర్చీలు ఈ ఎండకీ ఉప్పుగాలికీ ఏడాది తిరక్కుండా పెళుసెక్కి విరిగిపోతున్నాయి. అందుకని ఇనప చట్రం చేయించి, వలలు కట్టే తాడుతో అల్లించుకుంటున్నారు. పని నెత్తిమీదికి వచ్చి పడింది. మీ ఆఫీసు కుర్చీలా కాదు, ఈ వల తాడు అల్లకం ఒక్కడి వల్ల అయ్యేది కాదు. పైన కూర్చున్నవాడు తాడు దింపాలి, కింద కూర్చున్నవాడు అందుకుని బిగలాగి పైకి పంపాలి. కింద కూర్చునే రత్తయ్య కూతురి దగ్గర ఉంటానని ముదినేపల్లి వెళ్ళిపోయాడు. దయామణి లాగుతోంది గానీ ఆవిడ భుజం నొప్పి. కాబట్టి నువ్వు మాకు దయచేసి చేసే ఉపకారం ఏమీ లేదు, అవసరం మాదే.

పాక పక్కన నీకొక గది వేయిస్తున్నాం. రేవు దగ్గరే. పడవలు వచ్చేవేళకి ఆ గోల వింటే నీకు కాళ్ళు నిలవవు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇంకెవరి చేతైనా చదివించుకున్నావా?

నీ
ఏసుపాదం


బందరు,
జూలై 8.

ఏసుపాదానికి,

నువ్వు ఆ మాట అనకుండా ఉండాల్సింది.

వాడు నా కొడుకు. మా ఆవిడ పోయిన ఆరేళ్ళుగా పొద్దున్నే గుడివాడలో ఉద్యోగానికి రైలెక్కే ముందు నా చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకున్నానో లేదో చూసి వెళ్ళేవాడు వాడు. కన్నకొడుకు రాసిన కాగితాన్ని పక్కింటివాడి చేత చదివించుకుని సరిచూసుకోవాలా? నీకు పిల్లల్లేరు కాబట్టి ఇలాంటివి తోస్తాయి.

రాసేశాను, ఇక్కడ చెరిపెయ్యడం కుదరదు. కాగితం మీద పొడిచాక పొడిచినట్టే. బాధపడితే క్షమించు.

ఆఫీసు నుంచి ఇంకా ఏ కబురూ లేదు. ఫైళ్ళు నత్తనడకన నడుస్తాయని తెలిసిందేగా. ఈ మధ్య వానలకి వరండాలో కూర్చోలేక రికార్డు రూం లోపలికి జరిగాను. పాత కాగితాల వాసన. తలుపు దానంతటదే మూసుకుంటుంది. మధ్యాహ్నం ఒక్కోసారి అటెండరు నేనున్నానని మర్చిపోయి బయట గొళ్ళెం పెట్టేస్తాడు. నేను కూడా వెంటనే పిలవను. ఎందుకు పిలవనో నాకే తెలీదు.

కొండలరావు


నాగాయలంక,
జూలై 20.

ఒరేయ్ కొండా,

పిల్లల్లేరన్నావు, ఉన్నమాటే. బాధపడ్డాను, మర్చిపోయాను. దయామణి మాత్రం ఇంకా మర్చిపోలేదు, కాబట్టి వచ్చినప్పుడు ఆవిడ మొదటి రోజు కూరలో ఉప్పు వెయ్యకపోతే నోరు మూసుకుని తిను.

నేను మళ్ళీ ఏమీ అనను. మీ సూపరింటెండెంటు సూర్యకుమారి గారు మంచి మనిషని నువ్వే చాలాసార్లు రాశావు. ఆవిడని ఒక్కసారి అడుగు, నా అర్జీ ఎంతవరకు వచ్చిందండీ అని. అడిగితే తప్పులేదుగా.

ఇంకోటి, నువ్వు లోపలుండగా ఎవరైనా గొళ్ళెం పెడితే గట్టిగా అరువు. నువ్వు ఫైలువి కాదు.

నీ
ఏసుపాదం


బందరు,
ఆగస్టు 14.

ప్రియమైన ఏసూ,

అడగక్కర్లేకుండానే తెలిసింది.

మొన్న ఆదివారం పొద్దున్నే తాపీమేస్త్రీ ఒకాయన వచ్చి తలుపు కొట్టాడు. "కొండలరావు గారిల్లు ఇదేనాండీ? మీ అర్జీ మీద పంపించారు" అన్నాడు. నేనేదో రిటైర్మెంటు కాగితం తెచ్చాడనుకుని చొక్కా వేసుకుని వచ్చాను. ఆయన స్నానాలగది గోడ కొలుచుకుంటున్నాడు.

సోమవారం సూర్యకుమారి గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఫైలు తీసి చదివి వినిపించారు. "క్వార్టరు స్నానాలగది గోడ బీటలువారింది, కురుస్తోంది, దయచేసి బాగుచేయించగలరు. ఇట్లు, కొండలరావు." అంతే. "వేరే అర్జీ ఏమీ రాలేదండీ, ఎందుకు, ఇంకేమైనా ఇచ్చారా?" అని అడిగారు. లేదండీ అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడతో ఆడిన మొదటి అబద్ధం అది.

ఇంటికొచ్చి గిరిధర్‌ని నిలదీశాను. వాడు దబాయిస్తాడనుకున్నాను. దబాయిస్తే బాగుండేది. ఏడ్చాడు. "నవ్యకి నాలుగో నెల నాన్నా. ఈ స్థితిలో ఇల్లు ఎక్కడ మార్చను? నువ్వేం కష్టపడక్కర్లేదుగా. మూడేళ్ళు కూర్చోవడమేగా నాన్నా" అన్నాడు. కూర్చోవడమేగా! వాడికి దాని బరువేం తెలుసురా? నవ్యశ్రీ లోపలి గదిలోంచి "నాకీ సంగతి తెలీదు మావయ్యగారూ" అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పదు.

నీ మాట నిజమైంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు నేనే పడ్డాను. సంతకం చోట వేలు పెట్టినవాళ్ళు కాగితంలో ఏమైనా పెట్టగలరు. ఇకముందు ఎవరి చేత రాయించినా అంతే. ఎవరో ఒకరి చేత్తో రాయించాలి, ఎవరో ఒకరి కళ్ళతో చదివించాలి. నా బతుకులో నేను చెప్పిన మాట నేను చెప్పినట్టుగా ఎక్కడా చేరదు. ఆ గదికి ఇక తలుపు వెయ్యకు. చెల్లెమ్మకి నా క్షమాపణలు చెప్పు.

నీ
కొండలరావు


నాగాయలంక,
ఆగస్టు 25.

ఒరేయ్ బుద్ధిలేనివాడా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ తాడు లాగితే తాడు తెగుతోంది, అంత కోపంగా ఉంది. నీ కొడుకు మీద కాదు. వాడికి భయం, భయపడ్డవాడు చేసేదే చేశాడు. నీ మీద.

ఎవరి చేతో రాయించాలని ఏడుస్తున్నావా? నాకు ఇన్ని పేజీలు ఎవరి చేత రాయించావు? నీ పలక ఉంది, పొడిచే సూది ఉంది, రాయి! చుక్కల్లో రాయి. పైన ఆఫీసరు గారి హోదా, కింద నీ పేరు, మధ్యలో నీకు కావలసిన మాట. తీసుకెళ్ళి సూర్యకుమారి గారి బల్లమీద పెట్టు. మాకు చదవడం రాదండీ అంటే, నేర్చుకోండి అని చెప్పు. వాళ్ళ కాగితాలు మనకి కనబడకపోయినా మనం సంతకాలు పెట్టడం లేదా? ఒక్కసారి మన కాగితం వాళ్ళకి కనబడకపోతే ఏం పోతుంది?

గదికి తలుపు వేసేశాం. వెయ్యద్దన్న ఉత్తరం వచ్చేసరికే వడ్రంగి వెళ్ళిపోయాడు. దయామణి తలుపుకి రంగు కూడా వేసింది, ఏ రంగో నాకెందుకు నీకెందుకు.

నీ
ఏసుపాదం


బందరు,
సెప్టెంబరు 10.

ప్రియమైన ఏసూ,

రాశాను! నీకు రాసే కాగితం లాంటిది కాదు, గట్టి డ్రాయింగు షీటు కొనిపించాను. మూడుసార్లు తప్పుపోయి నాలుగోసారి కుదిరింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు ఇక్కడ అల్లడానికి కుర్చీలు లేవు. దయచేసి నన్ను ఈ ఉద్యోగం నుంచి విడిచిపెట్టండి. ఈ కాగితం ఎవరూ చెబితే రాసింది కాదు." చివరి వాక్యాన్ని వేలితో రెండుసార్లు తడిమి చూసుకున్నాను.

సూర్యకుమారి గారి బల్లమీద పెట్టాను. ఆఫీసంతా పోగైంది. ఒకాయన తలకిందులుగా పట్టుకున్నాడట, ఇంకొకాయన "ఇదేదో కోడి తొక్కినట్టుందండీ" అన్నాడట. సూర్యకుమారి గారు మాత్రం నవ్వలేదు. "కొండలరావు గారూ, ఇది అర్జీయేనా?" అని అడిగారు. అవునండీ అన్నాను. "అయితే ఇన్‌వార్డు నంబరు వెయ్యాలి" అని వేసేశారు. నంబరు పడింది రా ఏసూ! ఠప్పున ముద్ర కొట్టిన చప్పుడు విన్నాను.

ఇప్పుడు కొత్త తంటా. దాన్ని చదివేవాళ్ళు ఆఫీసులో నేనొక్కణ్ణే. బయటనుంచి ఎవరినైనా పిలిపించాలంటే ఎన్ని రోజులు పడుతుందో. అందుకని పెద్ద ఆఫీసరు గారు, "ఆయన్నే వచ్చి చదవమనండి, ఇంట్లోవాళ్ళు ఒకరు సాక్షిగా రావాలి" అన్నారట. వచ్చే సోమవారం, పదహారో తారీఖు. గిరిధర్ సెలవు పెట్టి వస్తున్నాడు. వాడితో నేనేమీ చెప్పలేదు, వాడూ అడగలేదు.

పదిహేడు సాయంత్రం బస్సెక్కుతాను. చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా. మూడు నెలల గడువు సంగతి తర్వాత, ముందు నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చి మీ పాక చూసి వెళ్తాను. స్టాండులో ఉండు.

నీ
కొండలరావు


నాగాయలంక,
అక్టోబరు 5.

ఒరేయ్ కొండా,

పదిహేడు పోయింది. ఆ రోజు ఆఖరి బస్సు దాకా ఉన్నాం. మర్నాడూ వెళ్ళాం. కండక్టర్లందరికీ మేం పరిచయమైపోయాం, "మీవాడు రాలేదు తాతా" అని వాళ్ళే ముందు చెప్పేస్తున్నారు. ఫోను చేస్తే మీ కోడలు "మావయ్యగారు బాగానే ఉన్నారండీ, ఆఫీసుకెళ్ళారు" అంటోంది. ఆఫీసుకెళ్ళడమేమిటి? ఇది నా రెండో ఉత్తరం. మీవాడు మళ్ళీ అడ్డుపడ్డాడా? నిజం రాయి. అడ్డుపడితే మేమిద్దరం బయల్దేరి వస్తాం, మా దయామణి నోటి ముందు మీ ఆఫీసరు కూడా నిలవలేడు.

నీ
ఏసుపాదం


బందరు,
అక్టోబరు 14.

ప్రియమైన ఏసూ,

రెండు ఉత్తరాలూ అందాయి. ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. నీకు అబద్ధం రాద్దామని చూశాను. పలక ముందు పెట్టుకుంటే చెయ్యి రాలేదు.

ఆ సోమవారం గిరిధర్ నా మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. పెద్ద ఆఫీసరు గది ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, వంగి నా చెవిలో ఇలా అన్నాడు. "అందులో ఏం రాశావో నేను ఊహించగలను నాన్నా. చదివెయ్. గుడివాడలో స్టేషను దగ్గర చిన్న ఇల్లు చూశాను. నవ్య కూడా సరేనంది. నిన్ను మోసం చేసిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. నువ్వు వెళ్ళు నాన్నా." నేను వాడి చెయ్యి నొక్కాను.

లోపలికి పిలిచారు. కూర్చోమన్నారు. ఆఫీసరు గారు కుర్రవాడు, మర్యాదస్తుడు. "చదవండి కొండలరావు గారూ, తొందరేం లేదు" అన్నాడు. సూర్యకుమారి గారు కాగితం నా చేతుల కింద పెట్టారు. నేను చదవడం మొదలుపెట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాను. చదివాను. ఇప్పుడు ఇక్కడ అల్లడానికి కుర్చీలు లేవు. అదీ చదివాను. తర్వాత మాట మీద వేలు ఆగింది. విడిచిపెట్టండి, అని వేలికి తగులుతోంది. ఒక్కో చుక్కా తగులుతోంది.

నా నోరు ఇలా అంది: "దయచేసి నాకు అల్లుకోవడానికి మరికొన్ని కుర్చీలు ఇప్పించండి."

నేనే అన్నానురా. ఎవరూ నా వేలు పట్టుకోలేదు, ఎవరూ నా చెవిలో ఊదలేదు.

ఆఫీసరు గారు హాయిగా నవ్వేశాడు. "ఇంతేనా! ఇంత మంచి అర్జీకి ఇంత హడావుడా?" అని అక్కడికక్కడే స్టోరు వాళ్ళని పిలిచి, అటకమీద తాళ్ళు తెగి పడున్న పాత కుర్చీలన్నీ దింపించమన్నాడు. పద్నాలుగు దొరికాయి. సూర్యకుమారి గారు కాగితం మీద 'పరిష్కరించడమైనది' అని రాసి ఫైల్లో పెట్టేశారు. నన్ను విడిచిపెట్టమని నేను రాసుకున్న కాగితం ఆ ఫైల్లోనే ఉంది. చదవగలిగినవాడు దాని పక్కనే పదింటినుంచి అయిదింటిదాకా కూర్చుంటున్నాడు.

వరండాలోకి వచ్చాక గిరిధర్ "అంతేనా నాన్నా నువ్వు రాసింది?" అన్నాడు. "అంతే" అన్నాను. మెట్లు దిగేటప్పుడు వాడు గట్టిగా ఊపిరి వదలడం విన్నాను. నా వల్ల బతికిపోయానని అనుకున్నాడో, నన్ను నమ్మలేదో నాకు తెలీదు.

ఎందుకు అలా అన్నావని అడుగుతావు. నెల రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. నాకు భయం వేసింది. ఈ ఆఫీసులో ఏ మెట్టు అరిగిందో, ఏ గుమ్మం తల తగిలేంత కిందికి ఉందో నాకు తెలుసు. మీ రేవులో ఒక్క అడుగు తెలీదు. అది కూడా అసలు భయం కాదు. నాలుగేళ్ళుగా నేనల్లిన కుర్చీలో మనిషన్నవాడు కూర్చోలేదు. కాబట్టి నా అల్లకం బాగుందో లేదో ఎవరూ చెప్పలేదు. అక్కడ మనుషులు కూర్చుంటారు. వారం తిరక్కుండా అది కుంగిపోయి, "ఆ బందరు ముసలాయనకి పనిరాదండీ" అని వాళ్ళు నీతో అంటే, నువ్వు నాకు చెప్పకుండా దాచి, నేను అల్లినదంతా వెనకనుంచి నువ్వు మళ్ళీ బిగించుకుంటూ ఉంటావు. నువ్వు అలాగే చేస్తావని నాకు తెలుసు. నేను తట్టుకోలేను. తలుపు మూసి ఉన్నన్నాళ్ళూ వెళ్ళాలని కొట్టుకున్నాను. తీసేసరికి కాళ్ళు రాలేదు.

కుర్చీలు పద్నాలుగూ మంచివే. ఇవాళ రెండోది మొదలుపెట్టాను. మొదటిదానికి నెల పట్టింది, కావాలనే.

కింద కూర్చుని తాడు లాగడానికి ఎవరినైనా చూసుకో, చెల్లెమ్మ భుజం పాడుచెయ్యకు. నన్ను ఎంత తిట్టాలో అంతా తిట్టి రాయి, చుక్కలు గట్టిగా పొడిచి రాయి. ఒక్కటి మాత్రం చెయ్యి. కొడుకు ఆపేశాడని చెల్లెమ్మ అనుకుంటూ ఉంటుంది. ఆవిడతో అలా అననివ్వకు. వాడు పంపించాడు. ఆగిపోయింది నేనే.

నీ
కొండలరావు